మీట నొక్కిన తరువాత: వెబ్ ఫారాల వెనక కథ

ఆన్‌లైన్‌లో ఫారం నింపని వాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో ఉండరు. రైలు టిక్కెట్టు, గ్యాసు బండ, పిల్లల పరీక్షలు, పాస్‌పోర్టు, అన్నిటికీ గడులు నింపి మీట నొక్కాల్సిందే. నొక్కాక ఏం జరుగుతుందో చాలామంది పట్టించుకోరు. అంతా సవ్యంగా జరిగినన్నాళ్ళూ పట్టించుకోవాల్సిన పనీ లేదు. ఒకసారి సవ్యంగా జరగలేదు, అందుకే ఈ వ్యాసం. తప్పు నాదే, ఆ ఫారం రాసింది నేనే.

నేనుండేది మస్కట్‌లో, దార్సైట్ అనే పేటలో. రువిని ఆనుకుని, గోధుమరంగు రాతికొండల మధ్య ఉంటుంది. ఇండియన్ సోషల్ క్లబ్బు, ఇండియన్ స్కూలు, కృష్ణుడి గుడి అన్నీ ఇక్కడే కాబట్టి ఒమన్‌లో ఉన్న తెలుగువాళ్ళు ఏదో ఒక పనిమీద ఇటు రాకుండా ఉండరు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ కారణంగా మస్కట్‌లో రాకపోకలు కట్టడి చేసినప్పుడు మా వీధుల్లో చాలామంది గదుల్లోనే ఉండిపోయారు. పని లేదు. కొందరికి సరుకులు కావాలి, కొందరికి బీపీ, షుగరు మందులు కావాలి. నలుగురైదుగురు మిత్రులం కలిసి ఎవరికి ఏం కావాలో జాబితా రాయడం మొదలుపెట్టాం. వాట్సాప్‌లో రాయించుకుంటే ఒకే ఇంటి వివరాలు మూడుసార్లు వచ్చాయి, పక్కింటివాళ్ళవి అసలు రాలేదు. "దీనికో ఫారం రాసేస్తాను, ఒక్క సాయంత్రం పని" అన్నాను. (ఈ మాట అనని ప్రోగ్రామరు ఇంకా పుట్టలేదు.)

ముందు అసలు సంగతి కొంచెం చూద్దాం. మీరు ఒక పేజీ అడగగానే బ్రౌజరు సర్వరుకి ఒక విన్నపం పంపుతుంది. మామూలు పేజీ అయితే సర్వరు తన దగ్గరున్న ఫైలుని ఉన్నదున్నట్టు పంపేస్తుంది. అచ్చువేసిన కరపత్రం లాంటిది, ఎవరడిగినా ఒకటే. అలా కాక, అడిగినప్పుడల్లా ఒక చిన్న ప్రోగ్రాము నడిచి, అడిగినవాళ్ళని బట్టి, వేళని బట్టి, డేటాబేసులో ఉన్నదాన్ని బట్టి అప్పటికప్పుడు పేజీ తయారుచేస్తే అది డైనమిక్ పేజీ. ఆ ప్రోగ్రాము నడిచేది సర్వరులో, మీ కంప్యూటరులో కాదు. అందుకే దాన్ని సర్వరు వైపు స్క్రిప్టు అంటారు. మీకు చేరేది వండి వడ్డించిన హెచ్‌టీఎంఎల్ మాత్రమే. వంటిల్లు మీకు కనబడదు.

ఈ పనికి ఎన్నో భాషలున్నాయి. నేను వాడింది పీహెచ్‌పీ. దీని పుట్టుకే ఫారాలతో ముడిపడి ఉంది. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ తన రెజ్యూమెని వెబ్‌లో ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోడానికి రాసుకున్న చిన్న పనిముట్లు దీనికి మొదలు. 1995లో వాటిని అందరికీ ఇచ్చాడు. కొద్దికాలానికే దానికి పీహెచ్‌పీ బై ఎఫ్ఐ అని పేరు వచ్చింది. ఆ ఎఫ్ఐ అంటే ఫారమ్స్ ఇంటర్‌ప్రెటర్, ఫారాలను అర్థం చేసుకునేది అని. తరువాత దానితో మహామహా సైట్లే కట్టారు గాని, మొదట చేతికి వచ్చిన పనుల్లో ఫారాలు ఒకటి.

ఇప్పుడు మా ఫారం సంగతి. ఎవరు నింపుతున్నారు, ఫ్లాటు నంబరు, ఫోను, ఇంట్లో (అంటే గదిలో) ఎంతమంది, ఒక్కొక్కరి పేరు, వయసు, "మందులు కావాలి" అని పక్కన ఒక టిక్కు గడి. ఇంతే. గదిలో ఎంతమంది ఉంటారో ముందే తెలియదు. ఒకచోట దంపతులిద్దరే, ఇంకోచోట ఎనిమిదిమంది కుర్రాళ్ళు. కాబట్టి ఫారం మారుతూ ఉండాలి. మొదటి పేజీలో "మీరు ఎంతమంది?" అని అడగడం, ఎనిమిది అంటే రెండో పేజీలో ఎనిమిది వరసలు పుట్టించడం. సర్వరులో ఒక చుట్టు, అంటే లూపు, ఎనిమిదిసార్లు తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా ఒక పేరు గడి, ఒక వయసు గడి, ఒక టిక్కు గడి రాస్తుంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఎనిమిది పేరు గడులకీ ఒకే పేరు పెడితే, పీహెచ్‌పీకి చివరిది మాత్రమే దక్కుతుంది. మిగతా ఏడుగురూ గల్లంతు. అందుకని గడి పేరు చివర ఖాళీ చదరపు బ్రాకెట్లు పెడతాం: పేరు[] అని. అప్పుడు పీహెచ్‌పీ వాటన్నిటినీ ఒక వరసగా, అరేగా పేర్చి ఇస్తుంది. మొదటి పేరు సున్నా స్థానంలో, రెండోది ఒకటో స్థానంలో, అలా. నేను కూడా పేరు[], వయసు[], మందులు[] అని పెట్టాను. సున్నా స్థానంలో ఉన్న పేరుకి సున్నా స్థానంలో ఉన్న వయసు, సున్నా స్థానంలో ఉన్న టిక్కు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మా ఇంటి నలుగురి పేర్లతో పరీక్షించాను. నలుగురికీ టిక్కు పెట్టి చూశాను. పనిచేసింది. ఆ రాత్రే లింకు పంచేశాం.

మూడో రోజు ఒక ఫోను వచ్చింది. భర్త, భార్య, వాళ్ళని చూడ్డానికి వచ్చి విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే ఇరుక్కుపోయిన భర్త తల్లి. "మందులు ఇచ్చి వెళ్ళారండీ, థాంక్స్. కానీ మా ఆవిడ పేరు రాసి ఉంది కవరు మీద. తనకేం జబ్బు లేదు. మందులు నాకూ, మా అమ్మకీ. మా అమ్మకి షుగరు మాత్ర నిన్నటితో అయిపోయింది." జాబితా తీసి చూశాను. భర్తకి టిక్కు ఉంది, భార్యకి టిక్కు ఉంది, తల్లికి లేదు. వాళ్ళే తప్పు పెట్టి ఉంటారనుకున్నాను. (ఇదీ ప్రోగ్రామర్ల జబ్బే.) అరగంట తరువాత గాని అర్థం కాలేదు.

టిక్కు గడికి ఒక గుణం ఉంది. పేరు గడి ఖాళీగా వదిలేసినా బ్రౌజరు దాన్ని "ఖాళీ" అని పంపుతుంది. టిక్కు గడిని వదిలేస్తే మాత్రం అసలేమీ పంపదు. "లేదు" అని కూడా పంపదు, ఆ గడి ఫారంలో ఉన్నట్టే సర్వరుకి తెలియదు. అంటే ముగ్గురున్న ఆ ఇంట్లో పేర్లు మూడు వచ్చాయి, వయసులు మూడు వచ్చాయి, టిక్కులు మాత్రం రెండే వచ్చాయి. మొదటివాడిదీ మూడో ఆవిడదీ. ఖాళీ బ్రాకెట్లు కదా, పీహెచ్‌పీ వాటికి వరసగా సున్నా, ఒకటి అని నంబర్లు వేసింది. మూడో ఆవిడ టిక్కు జారి రెండో ఆవిడ మీద పడింది. ఎక్కడా ఎర్ర అక్షరాల్లో తప్పు అని రాలేదు, ప్రోగ్రాము ఆగిపోలేదు. ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! అందరికీ టిక్కు పెట్టి పరీక్షించాను కాబట్టి నాకు కనబడే అవకాశమే లేకపోయింది.

దిద్దుబాటు ఒక్క వరస. ఖాళీ బ్రాకెట్ల బదులు లూపు తిరిగేటప్పుడే స్థానం నంబరు రాయాలి: పేరు[0], మందులు[0], పేరు[1], మందులు[1], పేరు[2], మందులు[2]. అప్పుడు మధ్యది రాకపోయినా మూడోది రెండో స్థానం మీదే నిలబడుతుంది. సర్వరు వైపు పేర్ల వెంట నడుస్తూ, ఈ నంబరుకి టిక్కు వచ్చిందా లేదా అని అడగాలి, రాకపోతే లేదన్నట్టు. ఆ దిద్దుబాటు చేశాక, అప్పటిదాకా వచ్చిన ఇళ్ళలో ఒకరికి మించి ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్లు చేసి మళ్ళీ అడగాల్సి వచ్చింది. పాత డేటాలో ఏ టిక్కు ఎవరిదో చెప్పే దారి లేదు. తెల్లవారుజామున రెండింటిదాకా అదే పని. ఆ పెద్దావిడకి మాత్రలు మాత్రం రాత్రి పదిలోపే, మా పక్క బిల్డింగులో షుగరున్న ఒకాయన తనవి పది తీసి ఇచ్చాడు, చీటీ చూసి అదే మందని నిర్ధారించుకున్నాకే.

మీరూ ఎప్పుడైనా ఇలాంటి ఫారం రాస్తే, అందరికీ టిక్కు పెట్టి పరీక్షించకండి. మధ్యలో ఒకరిని వదలండి.

ఆ తరువాత ఆ ఫారాన్ని కూలదోసి మళ్ళీ రాశాను. మొదటిసారి హెచ్‌టీఎంఎల్ ఒకచోట, తనిఖీలు ఒకచోట, డేటాబేసులోకి ఎక్కించడం ఇంకోచోట రాశాను. ఒక గడి కలపాలంటే మూడు చోట్ల మార్చాలి, ఒకచోట మరిచిపోతాం. రెండోసారి ముందు ఒక పట్టిక రాసుకున్నాను. గడి పేరు, మనిషికి కనబడే మాట, రకం, తప్పనిసరా కాదా, ఏ నియమానికి లోబడాలి. ఫారం గీసే లూపు ఈ పట్టిక చూసి గడులు గీస్తుంది. జవాబులు వచ్చాక తనిఖీ చేసే లూపు కూడా ఇదే పట్టిక చూస్తుంది. గీసేవాడికీ చూసేవాడికీ ఒకే కాగితం కాబట్టి ఇద్దరికీ మాట తేడా రాదు.

ఇందులో మరో లాభం ఉంది, అది పరదేశంలో ఉన్నవాళ్ళకే బాగా తెలుస్తుంది. ఇండియాలో ఫోను పదంకెలు, ఒమన్‌లో ఎనిమిది. మనకి 1972 నుంచి ఆరంకెల పిన్‌కోడు ఉంది. ఇక్కడ పోస్టల్ కోడు మూడంకెలే, రువిది 112. ఉత్తరాలకి ఇంటి నంబరు కంటే పీఓ బాక్సు నంబరు ముఖ్యం. డబ్బు సంగతైతే మరీను. రియాలుకి వంద కాదు, వెయ్యి బైసాలు. చందా 2.500 అని కొడితే, "దశాంశం తరువాత రెండంకెలే" అనే మన అలవాటు నియమం దాన్ని తిప్పికొడుతుంది. పట్టికలో దేశాన్ని బట్టి నియమం మారేలా రాస్తే, "ఒమన్" అని ఎంచుకోగానే సర్వరు ఒక రకం గడులు, "ఇండియా" అంటే ఇంకో రకం గడులు పుట్టిస్తుంది. డబ్బుని దశాంశాల్లో దాచడం కంటే మొత్తం బైసాల్లోకి మార్చి పూర్ణసంఖ్యగా దాచుకోవడం మేలు.

2020 మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. ఇంటికి వెళ్ళాలనుకున్నవాళ్ళు ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మా ఫారం పుణ్యమా అని నాకు కంప్యూటర్లు వచ్చునని వీధంతా తెలిసిపోయింది. ఆ నెలల్లో రకరకాల ఫారాలు కొన్ని పదులు ఎదుటివాళ్ళ కోసం నింపి ఉంటాను. ఏది ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. కానీ అవతలి గట్టున కూర్చుని నింపితే గాని ఫారం రాయడం రాదని అప్పుడు తెలిసింది.

కరీంనగర్ వైపు కుర్రాడు ఒకడు గుమ్మం దగ్గర దూరంగా నిలబడి పాస్‌పోర్టు చూపించాడు. "అన్నా, ఇండ్ల ఇంటిపేరు గడి ఖాళీగనే ఉన్నది. గా ఫారమేమో ఇంటిపేరు రాయకపోతే ముందుకు పోతలేదు. ఏం రాయాలె?" నిజమే, మనవాళ్ళలో చాలామంది పాస్‌పోర్టుల్లో పేరంతా ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటుంది. చుక్క పెట్టాం, ఒప్పుకోలేదు. గీత పెట్టాం, ఒప్పుకోలేదు. చివరికి పేరునే రెండుసార్లు రాశాం, ఆ తరువాత ఎక్కడ తేడా వస్తుందో అని వారం రోజులు భయం. ఈ భయం ఉత్తది కాదు. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళని సందర్శక వీసాల మీద రానివ్వమని ప్రకటించినప్పుడు ఎంతమంది మనవాళ్ళు కంగారు పడ్డారో గుర్తుండే ఉంటుంది. ఒక గడికి "తప్పనిసరి" అని పెట్టడం ప్రోగ్రామరుకి ఒక్క మాట. దాని అవతల ఉన్నవాడికి అది వేరే సంగతి. నా పట్టికలో ఇంటిపేరు తప్పనిసరి కాదు.

ఇంకొకాయన ఫోనులోనే నింపుతున్నాడు. పాస్‌పోర్టు నకలు కోసం వెతికి, ఊళ్ళో ఉన్న భార్యకి ఫోను చేసి పిన్‌కోడు అడిగి, తీరా మీట నొక్కేసరికి మళ్ళీ మొదటి పేజీ వచ్చింది. హెచ్‌టీటీపీకి జ్ఞాపకశక్తి లేదు. ప్రతి విన్నపమూ దానికి కొత్తే. ఒక పేజీలో చెప్పింది ఇంకో పేజీకి గుర్తుండాలంటే సర్వరు "సెషన్" అని ఒక చిన్న సంచీ పెట్టుకుంటుంది. పీహెచ్‌పీలో మనం మార్చకపోతే ఆ సంచీకి ఇచ్చిన గడువు 1440 సెకండ్లు, అంటే 24 నిమిషాలు. అది దాటి మీరు కదలకపోతే సంచీ చెత్తబుట్టలోకి పోవచ్చు. ఆఫీసులో కూర్చుని రాసేవాడికి 24 నిమిషాలు బోలెడు. ఆయనకి చాలలేదు. నేను నా ఫారంలో గడువు పెంచి, పైగా ఒక్కొక్క పేజీ నింపగానే డేటాబేసులో "సగం పూర్తయింది" అని దాచడం మొదలుపెట్టాను.

తప్పు వచ్చినప్పుడు మొత్తం గడులు ఖాళీ చేసి ఇచ్చే ఫారాలు ఇంకో రకం హింస. తనిఖీలో ఒక్క గడి తప్పినా, అదే ఫారాన్ని మళ్ళీ గీసి, నింపినవన్నీ నింపినట్టే చూపించి, తప్పిన గడి పక్కన మాత్రమే ఏం కావాలో చెప్పాలి. ఇందులో ఒక జాగ్రత్త. నింపినవాడు రాసింది ఉన్నదున్నట్టు పేజీలో తిరిగి అచ్చువేయకూడదు. అందులో కోణపు గుర్తులతో హెచ్‌టీఎంఎల్ గాని, జావాస్క్రిప్ట్ గాని ఉంటే బ్రౌజరు దాన్ని పేజీలో భాగమనుకుని నడిపిస్తుంది. పీహెచ్‌పీలో దీనికి హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ అనే ఫంక్షను ఉంది. ఆ గుర్తుల కోరలు పీకి, చూపడానికి మాత్రమే పనికొచ్చేలా చేస్తుంది.

డేటాబేసు దగ్గర ఇలాంటిదే ఇంకొకటి. మస్కట్‌లో గోవావాళ్ళు చాలామంది. మా జాబితాలో ఒక డి'సౌజా గారు చేరారు. పేరు మధ్యలో ఉన్న ఆ కొమ్ము చూశారా? ఎస్‌క్యూఎల్‌లో మాటలు మొదలయ్యేదీ ముగిసేదీ దానితోనే. పేరుని తీసుకెళ్ళి నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికిస్తే, డి దగ్గర పేరు అయిపోయింది, సౌజా అన్నది ఆజ్ఞ అనుకుంటుంది డేటాబేసు. పాపం ఆయన నిజాయితీగా తన పేరే రాశాడు. ఉద్దేశపూర్వకంగా అక్కడ "మొత్తం పట్టిక చెరిపెయ్యి" అని రాసేవాళ్ళూ ఉంటారు. దీనికి ఒకప్పుడు పీహెచ్‌పీలో మ్యాజిక్ కోట్స్ అని తనంతట తనే గీతలు చేర్చే ఏర్పాటు ఉండేది. అది మేలు కంటే చికాకే ఎక్కువ చేసి, 2012లో 5.4తో పోయింది. సరైన దారి, వాక్యాన్ని ఖాళీ స్థానాలతో ముందే సిద్ధం చేసి, విలువలని విడిగా అందించడం. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు అంటారు. అప్పుడు పేరులో ఏమున్నా అది పేరుగానే ఉంటుంది.

బ్రౌజరులోనే జావాస్క్రిప్ట్‌తో తనిఖీ చేస్తున్నాం కదా, మళ్ళీ సర్వరులో ఎందుకు అని అడుగుతారు. బ్రౌజరు అవతలివాడి చేతిలో ఉంది. అతను జావాస్క్రిప్ట్ ఆపేయవచ్చు, అసలు మీ ఫారమే లేకుండా సర్వరుకి నేరుగా ఏదైనా పంపవచ్చు. బ్రౌజరులో తనిఖీ నింపేవాడి సౌకర్యం కోసం, సర్వరులో తనిఖీ మీ కోసం. 2002కి ముందు పీహెచ్‌పీలో రిజిస్టర్ గ్లోబల్స్ అనే అమరిక మామూలుగా తెరిచే ఉండేది. ఫారంలో వచ్చిన ప్రతి గడీ ప్రోగ్రాములో ఒక వేరియబుల్ అయి కూర్చునేది. చిరునామా గడిలో "నేనే అడ్మిన్" అని కలిపితే, అజాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు నమ్మేసేవి. 4.2.0తో దాన్ని మూసి ఉంచడం మామూలైంది.

పంపే పద్ధతి గురించి ఒక్క మాట. గెట్ పద్ధతిలో గడుల్లో రాసిందంతా చిరునామా పట్టీలో కనబడుతుంది, బ్రౌజరు చరిత్రలో, సర్వరు చిట్టాలో మిగిలిపోతుంది. వెతుకులాటకి అది మంచిదే. పాస్‌పోర్టు నంబరుకి కాదు, దానికి పోస్ట్. పోస్ట్ అంటే రహస్యమని కాదు, తాళం గుర్తు లేని సైటులో అదీ పోస్టుకార్డే.

పోస్ట్‌తో ఇంకో చిక్కు. "అందింది" అని వచ్చాక ఎవరైనా పేజీని రిఫ్రెష్ చేస్తే బ్రౌజరు అదే ఫారాన్ని మళ్ళీ పంపే ప్రమాదం ఉంది. మందుల కవర్లు రెండు తయారవుతాయి. అందుకని దాచడం పూర్తికాగానే పేజీ చూపకుండా, "ఆ చిరునామాకి వెళ్ళు" అని బ్రౌజరుని వేరే పేజీకి మళ్ళించాలి. అక్కడ ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా కృతజ్ఞతలే వస్తాయి. అయినా నమ్మకంలేక ఫ్లాటు నంబరు, ఫోను కలిపి డేటాబేసులో ఒకేసారి ఉండేలా కట్టడి పెట్టాను.

తెలుగులో పేర్లు రాసేవాళ్ళూ ఉంటారు, ఉండాలి కూడా. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. రామలక్ష్మి అన్న పేరు మన కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌కి గుణింతాలు, పొల్లులు కలిపి పది గుర్తులు. పీహెచ్‌పీలో మామూలు స్ట్రెలెన్ ఫంక్షనుకి ముప్ఫై. "పేరు పాతిక దాటకూడదు" అనే నియమాన్ని ఆ ఫంక్షనుతో రాస్తే రామలక్ష్మిగారు లోపలికి రాలేరు. ఎంబీ స్ట్రెలెన్ వాడితే పది వస్తుంది. పేరులో ఇంగ్లీషు అక్షరాలే ఉండాలనే తనిఖీ మాత్రం దయచేసి పెట్టకండి.

ఆ ఫారం ఇప్పటికీ ఉంది. మందుల టిక్కు తీసేసి, ఉగాది భోజనాల లెక్కకి వాడుతున్నాం. టిక్కు గడి మీద ఇప్పుడు "ఉల్లి, వెల్లుల్లి లేకుండా" అని ఉంటుంది. ఆ పెద్దావిడ ఆ ఏడే హైదరాబాదు వెళ్ళిపోయారు. వాళ్ళబ్బాయి ఇప్పటికీ ఫారం నింపాక నాకు ఫోను చేసి, "ఎవరి పక్కన టిక్కు పడిందో ఒకసారి చూడండి" అంటాడు. చూసి చెబుతాను.

ఫారంలో ఫొటోలు, పాస్‌పోర్టు నకళ్ళు ఎక్కించుకోవడం దీనికంటే పెద్ద తలనొప్పి. దాని గురించి వచ్చే నెల.